పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకుంటుంటే మనం ఎంతవరకు కలవాలి?

మూడోచాప | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్తే. ఆరేళ్లుగా డే కేర్‌లో పనిచేస్తున్నాను. మూడు, నాలుగేళ్ల పిల్లల గది నాది. పన్నెండు మంది పిల్లలు, నేనూ, ఇంకో టీచరూ.

పోయిన వారం ఒక పాప వాళ్ల అమ్మ కాస్త ముందే వచ్చి తలుపు అద్దంలోంచి చూశారట. అప్పుడు ఫ్రీ ప్లే టైమ్, అంటే పిల్లలు తమకిష్టమైనట్టు ఆడుకునే గంట. నేను చాప మీద కూర్చుని పిల్లల్ని చూస్తున్నాను. వెళ్లేటప్పుడు ఆవిడ "మీరు ఊరికే కూర్చున్నారే, వాళ్లతో కలిసి ఆడొచ్చు కదా" అన్నారు. కోపంగా ఏమీ అనలేదు. అయినా గుచ్చుకుంది. మర్నాడు మా మేడం పిలిచి, ఇక నుంచి ఆ గంటసేపూ టీచర్లిద్దరూ పిల్లలతో ఆడాల్సిందే అన్నారు.

సరేనని ఆడాను. ఆ రోజు నలుగురు పిల్లలు కుర్చీలు వరసగా పేర్చి బస్సు చేశారు. ముందు కుర్చీలో బాబు చేతిలో ప్లాస్టిక్ పళ్లెం, అదే స్టీరింగు. వెనక ఒక పాప బొమ్మని ఒళ్లో పడుకోబెట్టుకుని "ష్, నిద్రపోతోంది" అంటోంది. నేను వెళ్లి ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. "ఈ బస్సు ఎక్కడికెళ్తోంది?" అని అడిగాను. "దూరం" అన్నాడు. "దూరం అంటే ఎక్కడికి? బస్సుకి ఎన్ని చక్రాలుంటాయి? మన బస్సు ఏ రంగు?" అన్నాను. రెండింటికి జవాబు చెప్పి, మూడోదానికి పళ్లెం కుర్చీలో పెట్టేసి లేచి వెళ్లిపోయాడు. ఐదు నిమిషాల్లో ఆ కుర్చీల దగ్గర నేనూ, నా ఒళ్లో కూర్చుంటానన్న ఇంకో పాపా మిగిలాం. బొమ్మ కింద పడి ఉంది.

మూడు రోజులుగా ఇదే వరస. నేను వెళ్తే ఆట చెదిరిపోతోంది, లేదంటే అందరూ నా చుట్టూ చేరుతున్నారు. కూర్చుంటే ఊరికే కూర్చున్నట్టు. ఇంతకీ మనం ఎంత కలవాలి? మీ గదుల్లో ఏం చేస్తున్నారో చెప్పండి, ప్లీజ్.

ఇసుకగూడు | సోమవారం, రాత్రి 9:58

చదివితే మనసుకి కష్టమనిపించింది. అది ఊరికే కూర్చోవడం కాదని నాకు తెలుసు, ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను.

ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. మీరు బస్సెక్కారు గానీ ప్రయాణికురాలిగా ఎక్కలేదు. చక్రాలెన్నో, రంగేంటో మీకు ముందే తెలుసు. జవాబు తెలిసి కూడా అడుగుతున్నారంటే పాఠం మొదలైందని పిల్లలకి ఇట్టే అర్థమైపోతుంది. ఆ బాబు అలిగి వెళ్లలేదు. అక్కడ వాడి ఆట అయిపోయింది, అంతే.

నేను ముందు పక్కన నేల మీద కూర్చుంటాను, నా తల వాళ్ల తలల ఎత్తుకి వచ్చేలా. ఆట ఏంటో అర్థమయ్యేదాకా నోరు విప్పను. కలిసినా చిన్న వేషమే వేస్తాను. పేషెంటు, పక్కింటావిడ, క్యూలో చివరి మనిషి, ఇలాంటివి. డాక్టరు, డ్రైవరు, అమ్మ లాంటి పెద్ద వేషాలు వాళ్లవే. "డ్రైవర్ గారూ, నేనెక్కొచ్చా?" అని అడుగుతాను. వద్దంటే ఆగిపోతాను. చాలామంది ఇక్కడే తడబడతారు. పిల్లలు వద్దన్నా నవ్వుతూ ఎక్కేస్తారు. మన మాట వాళ్లు వినాలంటాం, వాళ్ల ఆటలో వాళ్ల మాట మనం వినకపోతే ఎలా?

ఎక్కడం ఎంత ముఖ్యమో దిగడం కూడా అంతే. రెండు మూడు నిమిషాలయ్యాక "నా స్టాపొచ్చింది" అని దిగి మీ చాప మీదకి వెళ్లిపోండి. మీరు దిగాక కూడా బస్సు పోతోందా లేదా చూడండి. పోతుంటే ఫర్వాలేదు. ఆగిపోయిందంటే ఆ బస్సుని అప్పటిదాకా మీరే నడిపారన్నమాట.

పాపనాన్న | సోమవారం, రాత్రి 10:15

ఇక్కడ టీచర్లే ఎక్కువున్నారు, నేను ఒక తండ్రిని. ఆ అమ్మ వైపు నుంచి ఒక మాట.

మా పాపకి మూడేళ్లు. రోజుకి తొమ్మిది గంటలు డే కేర్‌లో ఉంటుంది. ఆ తొమ్మిది గంటల్లో నాకు కనపడేది పొద్దున దింపేటప్పుడు ఒక నిమిషం, సాయంత్రం తీసుకొచ్చేటప్పుడు ఒక నిమిషం. ఆ నిమిషంలో టీచర్ ఒక మూల కూర్చుని కనిపిస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఆవిడ గమనిస్తున్నారా, అలసిపోయి కళ్లు తేలేశారా, పక్కన ఫోన్ ఉందా, బయట నుంచి తేడా తెలీదు. ఇంకో డే కేర్‌లో నిజంగానే ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం నా కళ్లతో చూశాను, అందుకే మార్చాం. కాబట్టి ఆవిడ అడిగింది ఆటల గురించి కాకపోవచ్చు. మా పాపని ఎవరైనా చూస్తున్నారా అని అడిగి ఉంటారు.

నాలుగుకళ్లు | సోమవారం, రాత్రి 10:41

పాపనాన్న గారూ, మీ భయం న్యాయమైనదే. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చోవడాన్ని నేనూ సమర్థించను. మా గదిలో ఫోన్లు బయట అల్మారాలో పెట్టి లోపలికి వస్తాం.

కానీ చూడటం ఎంత పనో ఒక్కసారి చెప్పనివ్వండి. నిన్న నేను ఒక అరగంట కదలకుండా కూర్చున్నాను. బ్లాకుల దగ్గర ఒక బాబు పొడవాటి చెక్కని చిన్న ముక్క మీద నిలబెట్టాలని చూస్తున్నాడు. పడిపోయింది. మళ్లీ పెట్టాడు. పడిపోయింది. ఆరోసారి నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది, ఒళ్లో పెట్టేసుకున్నాను. ఎనిమిదోసారో తొమ్మిదోసారో చెక్కని తిరగేసి పొడవాటిది కింద, చిన్నది పైన పెట్టాడు. నిలబడింది. వాడు చప్పట్లు కొట్టలేదు, నావైపు తిరిగి కూడా చూడలేదు. గట్టిగా ఊపిరి వదిలి ఇంకో చెక్క తీసుకున్నాడు. ఆరోసారే నేను సాయం చేసుంటే ఆ చెక్క నిలబడేది, వాడికి ఆ ఊపిరి మాత్రం దక్కేది కాదు.

మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో పిల్లల ఆటని ఆరు రకాలుగా విడదీసి రాశారు. అందులో ఒకటి పక్కన నిలబడి ఇతరుల ఆట చూడటం. ఇంకోటి ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం. అన్నీ ఒకే వరసలో వస్తాయని తర్వాతివాళ్లు అందరూ ఒప్పుకోలేదు గానీ, ఆ పేర్లు నాకు ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఒక పాప మూడు వారాలు అందరినీ చూస్తూ నిలబడితే తనని ఎవరూ ఆడించట్లేదని పెద్దలు కంగారుపడతారు. కానీ చూడటం కూడా ఆటే. ఆ పాపని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తే సాయమా, లాగడమా? కూర్చుని చూడకపోతే అది తేల్చుకోలేం.

మాటలగది | మంగళవారం, ఉదయం 7:05

నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక్కచోట అడ్డు చెప్తాను. దూరంగా ఉండి చూడటమే గొప్ప అని దీన్ని రూలు చెయ్యకండి.

మాటలు ఆలస్యమైన పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు, ఇంకో భాష మాట్లాడే ఇంటి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు గది అంచుల వెంబడే తిరుగుతుంటారు. వాళ్లకి ఆడాలని ఉంటుంది, లోపలికి ఎలా వెళ్లాలో తెలీదు. ఇంకో పిల్లాడి దగ్గరికెళ్లి బ్లాకు లాక్కుంటారు. అది అల్లరిలా కనిపిస్తుంది గానీ చాలాసార్లు 'నన్నూ కలుపుకోండి' అని అడగడమే. చూస్తూ కూర్చుంటే ఆ పిల్లలకి నెలలు గడిచిపోతాయి.

సారా స్మిలాన్‌స్కీ అని ఇజ్రాయెల్‌కి చెందిన పరిశోధకురాలు వేషాలు వేసి ఆడే ఆటల మీద పనిచేశారు. 1968లో ప్రచురించారు. అలాంటి ఆట సరిగా పట్టుబడని పిల్లలకి పెద్దలు బయట నుంచి సూచన ఇచ్చి గానీ, కొంతసేపు తామే ఒక వేషం వేసి గానీ దారి చూపిస్తే వాళ్ల ఆట మెరుగుపడిందని చూపించారు. అంటే పెద్దల చెయ్యి కావలసిన పిల్లలు ఉన్నారు.

నేను చేసేది చాలా చిన్న పని. ఆ బాబు దగ్గరే కూర్చుంటాను, ఎదురుగా కాదు, పక్కన. వాడు కారు దొర్లిస్తే నేను ఇంకో కారు దొర్లిస్తాను. వాడు ఆపితే ఆపుతాను. ప్రశ్నలు అడగను. వాడు నావైపు చూసినప్పుడే "కారు ఆగింది" లాంటి మాట ఒకటి అంటాను. కొన్ని రోజులకి మా ఇద్దరి మధ్యకి ఇంకో పాప కారు పట్టుకుని వస్తుంది. వచ్చాక నేను ఒక అడుగు వెనక్కి జరుగుతాను. వాడి పక్కన ఇంకో పిల్ల వచ్చి కూర్చునేదాకానే నా పని.

కాబట్టి మూడోచాప గారూ, మీ పన్నెండు మందికీ ఒకే కొలత వాడకండి.

పిచ్చుక | మంగళవారం, ఉదయం 7:30

"ఎదురుగా కాదు, పక్కన." ఇవాళే చేసి చూస్తాను. థాంక్యూ అక్కా.

పాకేగది | మంగళవారం, మధ్యాహ్నం 1:40

పిల్లలు పడుకున్నారు, అందుకే ఇప్పుడు రాస్తున్నా. మాది ఏడాది లోపు పిల్లల గది. ఇక్కడ లెక్క వేరేగా ఉంటుంది.

ఎమ్మీ పిక్లర్ అనే డాక్టరు 1946లో బుడాపెస్ట్‌లో పసిపిల్లల సంరక్షణ గృహం మొదలుపెట్టారు. అక్కడి పద్ధతి నాకు బాగా నచ్చింది. డైపర్ మార్చేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, తినిపించేటప్పుడు తొందర లేకుండా మనసంతా ఆ ఒక్క బిడ్డ మీదే పెట్టాలి. ఏం చెయ్యబోతున్నామో ముందే చెప్పాలి, బిడ్డ చెయ్యి చాపేదాకా ఆగాలి. అలా కడుపు నిండా మనిషి దొరికిన బిడ్డని నేల మీద వదిలితే తనంతట తనే ఆడుకుంటుంది. తనకై తను కూర్చోలేని బిడ్డని దిండ్లు పెట్టి కూర్చోబెట్టరు. బోర్లా పడటం, పాకటం, లేవటం అన్నీ తన టైమ్‌కి తనే తెలుసుకుంటుంది.

ఇది చదవకముందు నేను రివర్స్‌లో చేసేదాన్ని. డైపర్ గబగబా మార్చేసి, ఆ మిగిలిన టైమ్‌లో గిలక్కాయ ఊపుతూ ఆడించేదాన్ని. ఇప్పుడు డైపర్ మార్చడానికే ఆ టైమంతా పెడుతున్నాను. ఒక బాబు తన కాలి వేళ్లని పట్టుకుని పావుగంట ఆడుకోవడం ఆ తర్వాతే చూశాను. మధ్యలో ఒకసారి తల తిప్పి నేనున్నానా అని చూసుకున్నాడు. ఉన్నాను. మళ్లీ వేళ్ల పనిలో పడ్డాడు.

తెల్లకాగితం | మంగళవారం, సాయంత్రం 6:12

నాకు కాస్త భిన్నాభిప్రాయం ఉంది. రెండేళ్లలో ఈ పిల్లలు బడికి వెళ్తారు. మాటలు, లెక్క, ఆకారాలు, ఇవన్నీ ఆటలోనే ఎక్కించొచ్చు. కాథీ హెర్ష్-పాసెక్, రాబర్టా గోలింకాఫ్ లాంటి పరిశోధకులు చెప్పే గైడెడ్ ప్లే అదే కదా? ఏం నేర్పాలో పెద్దలు ముందే అనుకుని దానికి తగ్గట్టు ఏర్పాటు చేస్తారు, ఆడేది పిల్లలే. పూర్తిగా వదిలేస్తే చేతికొచ్చిన అవకాశం పోయినట్టు అనిపిస్తుంది నాకు.

బొమ్మలపెట్టె | మంగళవారం, సాయంత్రం 7:26

గైడెడ్ ప్లేతో నాకు పేచీ లేదు. కానీ 'ఎక్కించడం' అనే మాట దగ్గర భయమేస్తుంది.

2011లో ఎలిజబెత్ బోనవిట్జ్, ఇంకొందరు కలిసి చేసిన ఒక ప్రయోగం చూడండి. గొట్టాలు అతికించిన బొమ్మ ఒకటి తయారుచేశారు. ఒకచోట లాగితే కీచుమంటుంది, ఇంకోచోట లైటు వెలుగుతుంది, ఇలా నాలుగు సంగతులు దాచారు. కొంతమంది పిల్లలకి 'ఈ బొమ్మ ఎలా పనిచేస్తుందో చూడు' అని కీచుమనేది ఒక్కటీ చూపించారు. ఇంకొంతమందికి ఏమీ నేర్పకుండా, పొరపాటున అది జరిగినట్టు చేసి బొమ్మ చేతికిచ్చారు. నేర్పించిన పిల్లలు కీచుమనేదాన్నే పట్టుకుని ఉండిపోయారు, ఆడిన టైమ్ కూడా తక్కువ. నేర్పనివాళ్లు మిగతా సంగతులు ఎక్కువ కనిపెట్టారు. టీచర్ చూపించింది ఒక్కటే అంటే ఉన్నది కూడా ఒక్కటే అని పిల్లలు అనుకున్నారన్నమాట. వాళ్ల తర్కం తప్పు కూడా కాదు!

అందుకే నేను మాటలకి బదులు వస్తువులు పెడతాను. ఖాళీ అట్టపెట్టెలు, దుప్పటి, తాడు ముక్క, గొట్టాలు. సైమన్ నికల్సన్ అనే కళాకారుడు 1971లో రాసింది ఇదే, వస్తువు ఎన్ని రకాలుగా మారగలిగితే పిల్లలు అన్ని కొత్త ఆటలు కనిపెడతారని. బస్సు ఆట చప్పబడుతోందనిపిస్తే నేను ప్రశ్న అడగను. పొద్దున్నే ఒక పెద్ద అట్టపెట్టె ఆ కుర్చీల పక్కన పెట్టి వచ్చేస్తాను. అది ఒకరోజు లగేజీ డబ్బా అవుతుంది, ఇంకోరోజు సొరంగం అవుతుంది.

తెల్లకాగితం | మంగళవారం, రాత్రి 8:03

ఆ ప్రయోగం సంగతి నాకు తెలీదు. 'ఎక్కించడం' అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా ఉద్దేశం చూపించెయ్యమని కాదు, ఏర్పాటు చెయ్యమని. మీ అట్టపెట్టె కూడా ఏర్పాటే కదా, ఆ రకంగా మనం దగ్గరే ఉన్నాం. అయితే గైడెడ్ ప్లేకి రోజులో వేరే టైమ్ ఉండాలి, ఈ ఫ్రీ ప్లే గంటని తినెయ్యకూడదు. అక్కడికి ఒప్పుకుంటాను.

మూడోచాప | మంగళవారం, రాత్రి 9:15

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. రెండుసార్లు చదివాను.

నాకు ఇంకో అలవాటుంది, అది కూడా అడుగుతాను. పిల్లలు ఏం చేసినా "సూపర్", "వెరీ గుడ్" అంటాను. అది కూడా కలవడమేనా? ఇవాళ లెక్కపెట్టుకుంటే అరగంటలో పదహారు సార్లు అన్నాను. ఒక పాప బొమ్మ గీస్తూ గీత గీతకీ నావైపు చూస్తోంది. ఇంతకుముందు అలా చూసేది కాదు.

ఇసుకగూడు | మంగళవారం, రాత్రి 9:44

లెక్కపెట్టుకున్నారు చూడండి, ఎంతమంది ఆ పని చేస్తారు?

అవును, అది కూడా కలవడమే. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లలతో లెపర్, గ్రీన్, నిస్బెట్ 1973లో చేసిన ప్రయోగం ఒకటుంది. గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని కొంతమందికి ముందే చెప్పి, ఇచ్చారు. తర్వాత ఏ బహుమతీ లేకుండా స్కెచ్ పెన్నులు పెడితే ఆ పిల్లలు మిగతావాళ్లలో సగం సేపే గీశారు. మెచ్చుకోలు, సర్టిఫికెట్ ఒకటి కాదనుకోండి, నోటిమాట అంత చేటు చెయ్యదు. అయినా గీత గీతకీ తలెత్తి చూస్తున్న పాప మీకు ఏదో చెప్తోంది. "సూపర్" బదులు కనిపించింది చెప్పండి. "ఇక్కడ గట్టిగా ఒత్తి గీశావు" అంటే చాలు. తను తలెత్తకపోతే అది కూడా వద్దు.

రెండుజడలు | బుధవారం, ఉదయం 6:50

మరి దెబ్బలాట సంగతేంటి? మా దగ్గర అబ్బాయిలు కింద పడి దొర్లుతుంటే మా టీచర్లు వెంటనే విడదీస్తారు. అక్కడ కూడా కూర్చుని చూడమంటారా? ఎవరికైనా దెబ్బ తగిలితే జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

నాలుగుకళ్లు | బుధవారం, మధ్యాహ్నం 2:10

కూర్చోను. లేచి రెండు అడుగుల దూరంలో నిలబడతాను. కానీ వెంటనే విడదీయను.

ముఖాలు చూడండి. ఆటైతే నోరు తెరుచుకుని ఉంటుంది, నవ్వు వినపడుతుంది, చేతులు వదులుగా ఉంటాయి. ఒకసారి వీడు పైన, ఇంకోసారి వాడు పైన, వంతులు మారుతుంటాయి. బలమున్నవాడు కావాలనే ఓడిపోతాడు. విడిపోయాక మళ్లీ ఇద్దరూ ఒకరి దగ్గరికి ఒకరు పరుగెత్తుతారు. నిజం గొడవైతే దవడ బిగుసుకుంటుంది, ఒకడే ఎప్పుడూ కింద ఉంటాడు, అయిపోయాక ఇద్దరూ చెరో దిక్కుకి పోతారు. అనుమానమొస్తే "ఇద్దరికీ బాగుందా?" అని అడుగుతాను. ఒకడు మాట్లాడకపోయినా, చూపు తిప్పుకున్నా, ఆపేస్తాను. అప్పుడు చర్చలుండవు.

ఇంకొన్ని విషయాల్లో కూడా ఆలోచించకుండా లోపలికి వెళ్తాను. కొరకడం, ఒకే పాపని రోజూ ఆటలోంచి తోసేయడం, ఒంటి గురించో మాట గురించో వెక్కిరించడం. స్వేచ్ఛగా ఆడుకోనివ్వడమంటే బలహీనుల్ని వాళ్ల మానాన వదిలేయడం కాదు.

ఇంటిదగ్గరగది | బుధవారం, రాత్రి 10:30

నేను ఇంట్లోనే ఐదుగురు పిల్లల్ని చూసుకుంటాను. పదినెలల పాప నుంచి ఐదేళ్ల బాబు దాకా ఉన్నారు. సాయానికి ఎవరూ లేరు. ఇక్కడ చదువుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఎందుకంటే చాలా రోజులుగా నేను పిల్లలతో సరిగా ఆడట్లేదని లోపల్లోపల కుమిలిపోతున్నాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. చిన్నదాన్ని భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి చూస్తుంటాను.

ఈ మధ్య ఐదేళ్ల బాబు రెండేళ్ల పాపకి బ్లాకులు అందిస్తూ "నువ్వు పెట్టు, నేను పట్టుకుంటా" అన్నాడు. ఆ మాట నాది. నేను వాడితో అనేది. నేను ఆ టైమ్‌కి వాళ్ల మధ్యలో కూర్చుని ఉంటే వాడు అనాల్సిన అవసరం వచ్చేదే కాదేమో.

మాటలగది | బుధవారం, రాత్రి 10:52

చిన్నదాన్ని భుజాన వేసుకుని మీరు తలుపు దగ్గర నిలబడ్డారు కాబట్టే వాడు అంత ధైర్యంగా చేశాడు. కుమిలిపోకండి. పిల్లల ఆడుకునే హక్కు 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణంగా ఉంది. వాళ్ల వయసుకి తగ్గ ఆట, తీరిక, విశ్రాంతి అని అందులో ఉంది. పెద్దలు ప్రతి నిమిషం ఆడించాలని ఎక్కడా లేదు.

పాపనాన్న | గురువారం, ఉదయం 8:05

నాలుగు రోజులుగా చదువుతున్నాను. మనసు మారిందని చెప్పడానికి రాస్తున్నా. ఒక్క కోరిక మాత్రం ఉంది. మీరు చూసిందాంట్లో ఒక్కటి సాయంత్రం మాకు చెప్పండి. "బాగానే ఆడింది" అని కాదు. ఆ చెక్క తొమ్మిదోసారి నిలబడిన సంగతి మా పాప గురించి ఎవరైనా చెప్పి ఉంటే, మీరు కూర్చున్నారా నిలబడ్డారా అని నేను అద్దంలోంచి చూసేవాణ్ణే కాదు.

మూడోచాప | ఆ పై సోమవారం, రాత్రి 9:35

తర్వాత ఏం జరిగిందో చెప్దామని వచ్చాను.

గురువారం, శుక్రవారం చాప మీదే ఉన్నాను. చేతిలో చిన్న పుస్తకం పెట్టుకుని ఒక్కొక్కరి గురించి ఒక ముక్క రాసుకున్నాను. అంచుల వెంట తిరిగే బాబు ఒకడున్నాడు. వాడి పక్కన మాత్రం రోజూ పది నిమిషాలు కూర్చున్నాను, కార్లతో. ఇంకా ఎవరూ మా దగ్గరికి రాలేదు. వాడు మాత్రం శుక్రవారం ఒక కారు నావైపు తోశాడు.

ఇవాళ మళ్లీ కుర్చీల బస్సు కట్టారు. నేను కదల్లేదు. కాసేపటికి ఆ డ్రైవరు బాబే పళ్లెం చంకలో పెట్టుకుని వచ్చి "టీచర్, బస్సు చెడిపోయింది. నువ్వు బాగుచేసే మనిషివి" అన్నాడు. వెళ్లాను. "ఏం చెయ్యమంటారు?" అన్నాను. "ఇక్కడ పట్టుకో" అని కుర్చీ కాలు చూపించాడు. పట్టుకున్నాను. వాడు బోర్లా పడుకుని కుర్చీ కింద చేత్తో ఏదో బిగించాడు, నోటితో చప్పుడు చేస్తూ. చక్రాలెన్నని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఒక పాప వెనక నుంచి "తొందరగా! పాప ఏడుస్తోంది" అని అరిచింది. బాబు లేచి వెళ్లి కూర్చున్నాడు, బస్సు బయల్దేరింది. నేనింకా కుర్చీ కాలు పట్టుకునే ఉన్నాను. వాడు వెనక్కి తిరిగి చూసి, "అయిపోయింది. ఇంక నువ్వు వెళ్లు" అన్నాడు.

వెళ్లి చాప మీద కూర్చున్నాను. బస్సు ఇరవై నిమిషాల పైనే నడిచింది.

సాయంత్రం అప్పుడు అడిగిన ఆవిడే వచ్చారు. బొమ్మని పడుకోబెట్టింది వాళ్ల పాపే. "ఇవాళ బస్సు చెడిపోతే, బొమ్మ ఏడుస్తోందని డ్రైవరుని తొందరపెట్టింది" అని చెప్పాను. ఆవిడ బ్యాగ్ కింద పెట్టి, "అవునా, ఇంకేమంది?" అని అడిగారు. మా మేడం పక్కనే నిలబడి వింటున్నారు. రేపు ఆ గంటసేపూ నా పక్కన చాప మీద కూర్చుంటానన్నారు.